యేసు ఏమిస్తాడో చెప్పారు, ఆయన ఎవరో కూడా చెప్పండి: తెలుగు సంఘాల కాపరులకు బహిరంగ లేఖ

తెలుగు సంఘాల కాపరులకు, సంఘ పెద్దలకు, సండే స్కూలు, యౌవనస్థుల కూడికలు నడిపిస్తున్నవారికి,

ప్రభువు నామంలో వందనాలు.

క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా మహాసభ జరిగి 2025కి 1700 ఏళ్లు నిండాయి. ఒకప్పటి నైసియా ఇప్పుడు టర్కీలో ఇజ్నిక్ అనే చిన్న ఊరు. ఆ ఏడాది నవంబరులో పోప్ లియో, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ (ఆర్థడాక్స్ సంఘ పెద్ద) బర్తలోమయి ఆ ఊరికి వెళ్లి, సరస్సు దగ్గర బయటపడ్డ పాత చర్చి శిథిలాల పక్కన కలిసి ప్రార్థన చేశారు. నాకు తెలిసిన తెలుగు సంఘాల్లో మాత్రం ఆ సంగతి ఎత్తినవాళ్లు లేరు. వాగ్దాన కార్డులు పంచుకున్నాం, సెమీ క్రిస్మస్‌లు చేసుకున్నాం, ఉపవాస కూడికలు పెట్టుకున్నాం. పండగ చేయలేదని ఈ లేఖ రాయడం లేదు. ఆ సభ ఏ ప్రశ్న మీద కూడిందో ఆ ప్రశ్న, అంటే యేసు అసలు ఎవరు అన్నది, మన పల్పిట్ల మీద నుంచి దాదాపు మాయమైపోయింది. అందుకే రాస్తున్నాను.

మన ప్రసంగాలు ఒకసారి గుర్తు చేసుకోండి. యేసు స్వస్థపరుస్తాడు, ఉద్యోగం ఇస్తాడు, వీసా ఇప్పిస్తాడు, అప్పులు తీరుస్తాడు, శత్రువుల ఎదుట తల ఎత్తుకునేలా చేస్తాడు. ఆయన మేలులు చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, కీర్తనకారుడూ చెప్పుకున్నాడు. కానీ ఏళ్ల తరబడి ఇవే వింటూ పెరిగిన పిల్లలు ఇంటర్ అయిపోయి హాస్టళ్లకు వెళ్తారు. అక్కడ ఫోన్లో ఒక వీడియో వస్తుంది. "యేసు ఎక్కడా నేను దేవుణ్ణి అనలేదు. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఓట్లు వేయించి ఆయన్ని దేవుణ్ణి చేశాడు." పిల్ల భయపడి ఊళ్లో పాస్టర్‌గారికి ఫోన్ చేస్తుంది. "అలాంటివి చూడకమ్మా, విశ్వాసం ఉంటే సందేహాలు రావు" అని ఆయన ఫోన్ పెట్టేస్తారు. నా సండే స్కూల్లో చదివిన పిల్లల నుంచి ఇలాంటివి తరచుగా వింటున్నాను. ఆ అమ్మాయికి కావలసింది గద్దింపు కాదు, జవాబు. ఆ జవాబు మన దగ్గర పుష్కలంగా ఉంది. చెప్పడం లేదు, అంతే.

ముందు ఆ ఓట్ల కథ సంగతి చూద్దాం. ఒక ఇంగ్లీషు నవల పుణ్యమా అని ఈ మధ్య బాగా పాకింది.

అసలు గొడవ మొదలైంది అలెగ్జాండ్రియాలో. ఆరియస్ అనే ప్రెస్బితేరు (బిషప్ కింద పనిచేసే కాపరి) అక్కడ ఒక సంఘాన్ని చూసుకునేవాడు. మంచి వక్త, నిష్ఠగా బతికేవాడని పేరు. కుమారుడు తండ్రి చేత సృజింపబడినవాడే, సృష్టి అంతటిలోకీ మొదటివాడు, గొప్పవాడు, అయినా సృష్టే అన్నది ఆయన బోధ. "ఆయన లేని కాలం ఒకటి ఉండేది" అనే మాట ఆయన అనుచరుల నోట నినాదమైపోయింది. ఆ బోధను ఆరియస్ పాటలుగా కట్టాడని, ఓడల మీద పనివాళ్లు, తిరగలి తిప్పేవాళ్లు, బాటసారులు వాటిని పాడుకునేవారని పాత చరిత్రకారులు రాశారు. యూట్యూబ్ పాటల కాలంలో ఉన్న మనం ఈ ముక్క దగ్గర కాస్త ఆగాలి. ప్రసంగం ఇంటికి వెళ్లేలోపు మరిచిపోతాం. పాట వంటింట్లోకి వస్తుంది, పొలంలోకి వస్తుంది, పిల్లవాడి నిద్రలోకి వస్తుంది. మన సంఘాల్లో పాట ఎంచుకునేటప్పుడు ట్యూన్ చూస్తున్నాం, కీబోర్డు వాయించే అబ్బాయికి స్కేల్ కుదిరిందా అని చూస్తున్నాం. ఆ పాట యేసును గురించి ఏం నేర్పుతోందో ఎవరైనా చూస్తున్నారా?

అలెగ్జాండ్రియా బిషప్ అలెగ్జాండర్ ఆరియస్‌ను వ్యతిరేకించాడు. వాదన తూర్పు సంఘాలన్నింటికీ పాకింది. సామ్రాజ్యంలో శాంతి కావాలని కాన్‌స్టాంటైన్ 325లో బిషప్పులను నైసియాకు పిలిపించాడు. ఎంతమంది వచ్చారన్నదానికి సంప్రదాయం చెప్పే లెక్క 318. వచ్చినవాళ్లు ఎలాంటివాళ్లు? చక్రవర్తి కనుసైగకు తల ఊపే ఆస్థాన పండితులు కారు. అంతకు ఇరవై ఏళ్ల క్రితమే రోమా చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల మీద పెట్టించిన హింసలు నడిచాయి, లేఖనాలు తగలబెట్టారు, చర్చిలు కూల్చారు. ఈజిప్టు నుంచి వచ్చిన పఫ్నూటియస్‌కు ఆ హింసల్లో ఒక కన్ను పోయింది. నియోసీజరియా బిషప్ పాల్ చేతులను కాల్చిన ఇనుముతో పాడు చేశారని చరిత్రకారులు రాశారు. చక్రవర్తికి ధూపం వేయమంటే కన్ను పోగొట్టుకున్నవాడు, ఇంకో చక్రవర్తి అడిగాడని ఒక మనిషిని దేవుణ్ణి చేసేస్తాడా?

ఓట్ల మాట అంటారా, చివరికి సంతకం పెట్టబోమని తేల్చి చెప్పిన బిషప్పులు ఇద్దరే. ఇద్దరూ లిబియా వైపువాళ్లు, సెకుండస్, థియోనస్. వాళ్లనూ ఆరియస్‌నూ దేశం దాటించారు. అక్కడ తేల్చింది యేసు దేవుడా కాదా అని కూడా కాదు. ఆరియస్ సైతం ఆయన్ని ఒక అర్థంలో దేవుడనే పిలిచేవాడు, ఆరాధించేవాడు. ఆ దైవత్వం తండ్రి దైవత్వమేనా, లేక ఒక మెట్టు కింద ఉన్నదా అన్నది ప్రశ్న. సభ ఇచ్చిన జవాబు ఈనాటికీ ఆరాధన క్రమం పాటించే సంఘాలు ప్రభురాత్రి భోజనం రోజున చెప్పుకుంటాయి: దేవునినుండి దేవుడు, వెలుగునుండి వెలుగు, నిజమైన దేవునినుండి నిజమైన దేవుడు, జనించినవాడే గాని సృజింపబడినవాడు కాడు. (బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో కూడా ఆ సభలోనే తేల్చారని ఇంకో ప్రచారం ఉంది. అదీ నిజం కాదు. ఈస్టర్ తేదీ గురించి మాట్లాడారు, సంఘ క్రమం కోసం 20 నియమాలు రాశారు.)

తర్వాత జరిగింది ఎవరూ వీడియోల్లో చెప్పరు. అదే కాన్‌స్టాంటైన్ కొన్నేళ్లకే మనసు మార్చుకుని ఆరియస్‌ను వెనక్కి రమ్మన్నాడు. నైసియా విశ్వాసం కోసం గట్టిగా నిలబడిన అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్‌ను 335లో దూరంగా పంపేశాడు. 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నది ఆరియస్ పక్షాన నిలిచిన నికోమీడియా బిషప్ యుసేబియస్ చేతి మీదే. కాన్‌స్టాంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ అయితే బాహాటంగా ఆరియస్ పక్షమే వహించాడు. అథనేసియస్ అయిదుసార్లు దేశబహిష్కరణకు గురయ్యాడు, మొత్తం మీద పదిహేడేళ్ల దాకా అలాగే గడిపాడు. యేసును చక్రవర్తులే దేవుణ్ణి చేసి ఉంటే, ఆ దైవత్వాన్ని సమర్థించినవాణ్ణి చక్రవర్తులే ఎందుకు తరిమారు? రాజ్యం మొగ్గు చాలాకాలం ఆరియస్ బోధ వైపే ఉంది. అయినా 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా మాటనే నిలబెట్టింది.

ఇక నైసియాకు ముందు సంగతి. సుమారు 112లో ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఈ క్రైస్తవులను ఏం చేయాలి అని అడుగుతూ, వీళ్లు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాటలు పాడుతున్నారని తెలియజేశాడు. ఆ ప్లినీ ఏ ప్రాంతానికి గవర్నరో తెలుసా? బితూనియకు. నైసియా ఉన్నది ఆ బితూనియలోనే. అంటే ఆ సభ కూడిన నేల మీదే, రెండు వందల ఏళ్ల ముందే, క్రైస్తవులు చీకటితో లేచి క్రీస్తును దేవుడని పాడుకుంటున్నారు. రాసింది శత్రువే గాని భక్తుడు కాదు, కాబట్టి గొప్ప కోసం రాశాడనడానికి లేదు. ఇశ్రాయేలులో మెగిద్దో దగ్గర ఒక జైలు ఆవరణలో 2005లో తవ్వకాల్లో పాత ఆరాధన గది నేల బయటపడింది. రంగురాళ్లు పొదిగిన ఆ నేల మీద, అకెప్తూస్ అనే స్త్రీ "దేవుడైన యేసుక్రీస్తుకు" ఒక బల్లను జ్ఞాపకార్థంగా ఇచ్చిందని గ్రీకులో రాసి ఉంది. అది మూడో శతాబ్దపుదని పురావస్తు పండితులు చెబుతున్నారు. అప్పటికి కాన్‌స్టాంటైన్ పుట్టనే లేదు.

అంతకన్నా వెనక్కి వెళ్తే పౌలే ఉన్నాడు. సిలువ తర్వాత పాతికేళ్లు కూడా తిరగకముందే కొరింథీయులకు రాశాడు. యూదుడు రోజూ చెప్పుకునే ఒప్పుకోలు ఒకటుంది: మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా. పౌలు 1 కొరింథీ 8:6లో ఆ ఒప్పుకోలునే తీసుకుని, ఒక్కడే దేవుడు తండ్రి, ఒక్కడే ప్రభువు యేసుక్రీస్తు, ఆయన ద్వారా సమస్తమూ కలిగెను అని అందులో యేసును చేర్చాడు. చిన్ననాటి నుంచి ఒక్క దేవుడికి తప్ప ఇంకెవరికీ మోకాలు వంచకూడదని పెరిగిన పరిసయ్యుడు ఆయన. యెషయా 45లో "నా యెదుట ప్రతి మోకాలు వంగును" అని యెహోవా చెప్పుకున్న మాటను ఫిలిప్పీ 2లో యేసుకు అప్పగించింది కూడా ఆయనే. ఇది గ్రీకు ఊహల్లో తేలి వచ్చిన కథ అనేవాళ్లు ఈ రెండు వచనాల దగ్గర చిక్కుకుంటారు.

"యేసు తన నోటితో నేను దేవుణ్ణి అనలేదు కదా" అనేదానికి పిల్లలకు ఇలా నేర్పండి. ఆయన ఏమన్నాడో చూడటంతో ఆగవద్దు, విన్నవాళ్లు ఏం చేశారో కూడా చూడమనండి. పక్షవాయువు గలవాడితో నీ పాపాలు క్షమించబడ్డాయి అనగానే, దేవుడొక్కడు తప్ప పాపాలు క్షమించగలవాడెవడు అని శాస్త్రులు లోలోపల గొణుక్కున్నారు. "అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను" అన్నాడు, రాళ్లు ఎత్తారు. "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అన్నాడు, మళ్లీ రాళ్లు ఎత్తారు. ఎందుకురా అని అడిగితే, నీవు మనుష్యుడవై యుండి దేవుడనని చెప్పుకుంటున్నావు అని వాళ్లే కారణం కూడా చెప్పారు. ప్రధాన యాజకుడు బట్టలు చింపుకున్నది ఊరికే కాదు. తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు యేసు వారించలేదు. లుస్త్రలో జనం తమకు బలి అర్పించబోతే పౌలు, బర్నబా బట్టలు చింపుకుని వద్దని కేకలు వేశారు. ప్రకటనలో యోహాను దేవదూత కాళ్ల మీద పడితే, వద్దు, దేవునికే నమస్కారము చేయుము అన్నాడు దూత. అపొస్తలులూ దూతలూ తోసిపుచ్చిన ఆరాధనను ఈయన ఒక్కడే స్వీకరించాడు.

ఇప్పుడు నిత్యత్వం సంగతి. ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

డిసెంబరు వచ్చిందంటే మన సండే స్కూళ్లలో కేకు కోసి పిల్లల చేత "హ్యాపీ బర్త్‌డే జీసస్" పాడిస్తాం. కేకు మీద నాకు కోపం లేదు, నేనూ తింటాను. కానీ ఆ తర్వాత పిల్లలను కూర్చోబెట్టి, బేత్లెహేములో ఆయన మొదలవలేదు, అక్కడికి వచ్చాడు అని చెప్పేవాళ్లు ఎంతమంది? మీకా ప్రవచనంలో ఊరి పేరు వరకు నాటకంలో చెప్పిస్తాం, "పురాతన కాలము మొదలుకొని శాశ్వతకాలము" అన్న భాగం డైలాగు పొడుగైందని కత్తిరిస్తాం. యోహాను తన సువార్తను పశువుల తొట్టి దగ్గర మొదలుపెట్టలేదు. "ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను" అన్నాడు. ఆదికాండం మొదటి మాటనే మళ్లీ ఎత్తుకుని, ఆ ఆది వచ్చేసరికే ఆయన ఉన్నాడన్నాడు. తర్వాత "ఆ వాక్యము శరీరధారియై" అన్నాడు. మొదట ఉండటం, తర్వాత అవ్వడం. దేవుడిగా ఉండటం ఆయనకు మొదలు లేనిది. మనిషి అవ్వడానికి మాత్రం తేదీ ఉంది, ఊరు ఉంది, తల్లి ఉంది. సిలువకు ముందు రాత్రి ఆయన ప్రార్థనలోనూ ఇదే ఉంది: లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఏ మహిమ ఉండెనో ఆ మహిమ. యెషయాలో "నేను మొదటివాడను కడపటివాడను, నేను తప్ప ఏ దేవుడును లేడు" అని యెహోవా చెప్పుకున్న బిరుదును ప్రకటన చివరి అధ్యాయంలో యేసు తనకు చెప్పుకున్నాడు.

"కుమారుడు అంటే తండ్రి తర్వాత పుట్టినవాడేగా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఆరియస్ కూడా అదే అడిగాడు. అథనేసియస్ జవాబు నాకు చాలా ఇష్టం. దేవుడు ఎప్పటి నుంచి తండ్రి? కుమారుడు లేని కాలం ఒకటి ఉంటే, ఆ కాలంలో ఆయన తండ్రి కాడు. తర్వాత తండ్రి అయ్యాడన్నమాట, అంటే మారాడన్నమాట. మార్పు లేని దేవుడిలో అది కుదరదు. హెబ్రీ పత్రిక కుమారుణ్ణి తండ్రి మహిమ తేజస్సు అంటుంది. వెలుగు ఉన్న క్షణం నుంచే తేజస్సు ఉంటుంది, ముందు వెలుగొచ్చి తర్వాత తేజస్సు పుట్టదు. ఇక జనించడానికీ సృజించడానికీ తేడా మన ఊళ్లో ఎవరికైనా తెలుస్తుంది. కుమ్మరి కుండను చేస్తాడు, కొడుకును కంటాడు. కుండ ఎంత అందంగా ఉన్నా అది కుమ్మరి జాతి కాదు, కొడుకు ఎంత చిన్నవాడైనా మనిషే. మనుషుల్లో కనడానికి కాలం పడుతుంది, ముందూ వెనకా ఉంటాయి. కాలాన్నే పుట్టించినవాడిలో అవి ఉండవు. అందుకే సర్వయుగాలకు ముందే తండ్రివలన జనించినవాడు అని ఒప్పుకుంటాం.

కష్టమైన వచనాలు ఉన్నాయి. వాటిని దాచడం మానేయండి అని నా విన్నపం. యెహోవాసాక్షులు మన ఇళ్ల తలుపు తట్టి, మర్యాదగా కూర్చుని, సరిగ్గా ఆ వచనాలే తెరిచి చూపిస్తారు. కుమారుడు మొదట సృజింపబడినవాడని, ప్రధానదూత మిఖాయేలే ఆయనని వాళ్లు నమ్ముతారు. వాళ్లను పల్పిట్ మీద తిట్టినంత మాత్రాన మన విశ్వాసులకు ఒక్క వచనమూ అర్థం కాదు. కొలొస్సయి 1:15లో "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అని ఉంది కదా అంటారు. కీర్తన 89:27లో దావీదును గురించి దేవుడు నా జ్యేష్ఠకుమారునిగా చేస్తానన్నాడు. దావీదు యెష్షయి కొడుకుల్లో ఆఖరివాడు. జ్యేష్ఠత్వం అంటే అక్కడ వారసత్వం, అధికారం. పైగా కొలొస్సయిలో పక్క వచనమే సర్వమూ ఆయన ద్వారా సృజింపబడెను అంటోంది. సామెతలు 8లో జ్ఞానం, యెహోవా తన కార్యాలలో మొదటిదానిగా నన్ను కలుగజేశాడు అంటుంది కదా అంటారు. ఆరియస్ పక్షానికీ అదే బ్రహ్మాస్త్రం. అది జ్ఞానాన్ని ఒక స్త్రీగా, ఊరి గుమ్మాల దగ్గర నిలబడి పిలుస్తున్నట్టుగా చూపిన కవిత్వం. దాన్ని అక్షరాలా పట్టుకుంటే, జ్ఞానం పుట్టకముందు దేవుడు జ్ఞానం లేకుండా ఉన్నాడా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి.

"తండ్రి నాకంటె గొప్పవాడు", ఆ దినమును గూర్చి కుమారుడు కూడా ఎరుగడు, ఇవి ఇంకో రకం. ఆకలి వేసింది, పడవలో నిద్రపోయాడు, లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు, గెత్సేమనేలో చెమట రక్తపు బిందువుల్లా కారింది. దేవుడైతే ఇవన్నీ ఏంటి అని మన హిందూ, ముస్లిం స్నేహితులు అడుగుతారు, అడగాల్సిందే. ఈ వచనాలను చూసి కంగారు పడే మన బోధకుల్లో కొందరు ఆయన మానవత్వాన్ని నటనలా చెబుతారు. అలా చెబితే ఇంకో గోతిలో పడతాం. 451లో కాల్సిడోన్ సభ దీనికి హద్దులు గీసింది: ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు, కలగాపులగం కాకుండా, విడిపోకుండా. నిజంగా దేవుడు, నిజంగా మనిషి. కుమారుడు దాసుని స్వరూపం ధరించినప్పుడు చెప్పిన మాటలు ఇవి. ఆ స్థితిలో తండ్రి గొప్పవాడు అనడంలో అబద్ధం లేదు, దైవత్వానికి లోటూ లేదు. ఆయన నిద్రపోయింది మనిషిగానే. లేచి గాలిని గద్దించినప్పుడు మాత్రం పడవలోవాళ్లకు వణుకు పుట్టింది.

రెండో వైపు పొరపాటు కూడా మన మధ్య పెరుగుతోంది. యేసు గొప్పతనం చెప్పాలన్న ఉత్సాహంలో "తండ్రీ యేసే, కుమారుడూ యేసే, ఆత్మా యేసే, వేషాలు మూడు" అని బోధించేవాళ్లున్నారు. మూడో శతాబ్దంలోనే సబెల్లియస్ పేరు మీద సంఘం దీన్ని కాదన్నది. యొర్దానులో కుమారుడు నీళ్లలో నిలబడి ఉన్నాడు, ఆత్మ దిగివస్తోంది, స్వరం పైనుంచి వస్తోంది. గెత్సేమనేలో కుమారుడు తనతో తానే మాట్లాడుకోలేదు. ఆదియందు వాక్యము "దేవునియొద్ద" ఉండెను అనేటప్పుడు ఆ పక్కన ఉండటాన్ని మింగేస్తే, ప్రేమించేవాడూ ప్రేమింపబడేవాడూ ఇద్దరూ పోతారు.

ఇదంతా పండితుల గొడవ, పల్లెల్లో ఎందుకు అంటారేమో. మన చరిత్రే జవాబు చెబుతుంది. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి నమ్ముకుని, ఊరూరా తిరిగి చెప్పాడు. పెద్ద కరువు కాలంలో తిండి కోసం చేరారన్న మాట రాకూడదని అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల ఒకే నామంలోకి దిగారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వనివాళ్లు, గుడి మెట్టు ఎక్కనివ్వనివాళ్లు. దేవుడు మీ వాడకు రాడని తరతరాలుగా విన్నవాళ్లు. ఆరియస్ చెప్పిందే నిజమైతే ఆ వాడకు వచ్చింది దేవుడు కాదు, దేవుడు పంపిన ఒక పెద్ద ఉద్యోగి. దేవుడు మాత్రం పైన, తాకకుండా, అలాగే ఉన్నాడు. నైసియా చెప్పిందే నిజమైతే దాసుని స్వరూపం ధరించింది నిజమైన దేవునినుండి నిజమైన దేవుడే. కుష్ఠరోగిని ముట్టుకున్నది ఆయన చెయ్యే. ఊరి గవిని వెలుపల చచ్చిందీ ఆయనే. మన తాతముత్తాతలు ఈ తేడాను గ్రీకు మాటల్లో చెప్పి ఉండరు. కానీ వాళ్లు నమ్ముకున్నది ఏ యేసునో నాకు అనుమానం లేదు.

అథనేసియస్ వాదన అంతా చివరికి ఇక్కడికే వస్తుంది. సృష్టి అయినవాడు సృష్టిని రక్షించలేడు. తానే అప్పు తెచ్చుకున్న జీవం ఉన్నవాడు ఇంకొకరికి నిత్యజీవం ఇవ్వలేడు. ఆయన సృష్టే అయితే ఇన్ని శతాబ్దాలుగా మనం చేసింది విగ్రహారాధనే అవుతుంది. ఆయన దేవుడైతే ఆయనను వీసాలకూ ఉద్యోగాలకూ పరిమితం చేయడం మాత్రం ఏ పాటి ఆరాధన?

ఇక నేను అడిగేవి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) 1947లో ఏర్పడినప్పుడే అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలను అంగీకరించింది. లూథరన్లకు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో మొదటి అంశమే నైసియా. మీ సంఘాల్లో ఆ ప్రమాణం పుస్తకంలో భద్రంగానే ఉంది. దాన్ని ఒక్క ఊపిరిలో గడగడా చదివించి ముగించకండి. నెలకు ఒక్క వాక్యం తీసుకుని, అది ఏ లేఖనం నుంచి వచ్చిందో, ఎవరి మాటకు జవాబుగా రాశారో ఒక ఆదివారం విడమరచి చెప్పండి. బాప్టిస్టు, బ్రెదరన్, పెంతెకొస్తు సంఘాలవారు రాసిపెట్టిన ప్రమాణాలు చదవడం మా పద్ధతి కాదంటారు, సరే. యోహాను 1, ఫిలిప్పీ 2, కొలొస్సయి 1, హెబ్రీ 1 మీ బైబిల్లోనూ ఉన్నాయి. యౌవనస్థుల కూడికల్లో ఆ నాలుగు అధ్యాయాలు పూర్తిగా, నిదానంగా, ప్రశ్నలు అడగనిస్తూ చదివించండి. అడిగినవాణ్ణి తిరుగుబాటుదారు అనకండి. తోమాను ప్రభువు అలా అనలేదు.

మన వేదాంత కళాశాలలకు నాదొక మాట. చర్చి చరిత్ర మీ తరగతి గదుల్లోనే ఉండిపోతోంది. బైబిల్ స్కూల్లో కొద్ది నెలలు చదివి, కూలి పని చేసుకుంటూ ఆదివారం వాక్యం చెప్పే పల్లె కాపరులు వేలమంది ఉన్నారు. వాళ్లకు ఇంగ్లీషు పుస్తకాలు అందవు. మామూలు తెలుగులో, ఒక వారం రోజుల తరగతులుగా, పనుల్లేని నెల చూసి మండల కేంద్రాల్లో పెట్టండి. ఆరియస్ ఎవరో, అథనేసియస్ ఎవరో వాళ్లకు తెలిస్తే హాస్టల్ నుంచి వచ్చే ఫోన్‌కు వాళ్లే జవాబు చెబుతారు.

పాటలు రాసేవాళ్లకు, రికార్డు చేసేవాళ్లకు కూడా ఇదే విన్నపం. పాటంతా "నాకు, నన్ను, నాతో" అనే సాగుతుంటే, ఒక్క చరణమైనా ఆయన ఎవరో చెప్పేలా రాయండి. సంఘంలో కొత్త పాట నేర్పే ముందు కాపరి ఆ సాహిత్యం ఒకసారి చదవాలి. ఆ పని క్వయర్ మాస్టర్ మీద వదిలేయకండి.

ఈ డిసెంబరులో మీ సండే స్కూలు నాటకంలో గొర్రెల కాపరులూ జ్ఞానులూ వచ్చే ముందు, ఒక పిల్లవాడి చేత యోహాను మొదటి అధ్యాయంలో 14వ వచనం వరకు కంఠతా చెప్పించండి. మీకా వచనం చివరి సగాన్ని కత్తిరించకండి. ఆ రాత్రి ప్రసంగంలో కనీసం పావుగంట బేత్లెహేముకు ముందున్న క్రీస్తు గురించే మాట్లాడండి. తర్వాత పిల్లలు వచ్చి అడిగే ప్రశ్నలకు కేకు పంచేదాకా కూర్చుని జవాబు చెప్పండి.

ఇట్లు,
క్రీస్తునందు మీ సహోదరి,
ఒక సండే స్కూల్ టీచర్